పరిటాల నుంచి తిన్నగా దక్షిణానికి

పటం మీద విజయవాడకు దగ్గర్లోని పరిటాల ఊరి మీద వేలు పెట్టి తిన్నగా దక్షిణానికి జరపండి. గుంటూరు, బాపట్ల పక్కనుంచి పోయి వేలు సముద్రంలో దిగుతుంది. శ్రీలంక దాటాక ఇక నేలన్నది తగలదు, అంటార్కిటికా మంచు ఒడ్డు దాకా. ఆ ఒడ్డునే, కాస్త పడమరగా, 2012లో మన దేశం నెలకొల్పిన ‘భారతి’ పరిశోధన కేంద్రం ఉంది. దూరం సుమారు 9,500 కిలోమీటర్లు.

ధ్రువాల మీద ప్రదర్శన పెట్టేవాళ్లకు మొదటి చిక్కు ఈ దూరమే. పెంగ్విన్ బొమ్మ, నీలం లైటు, చదవడానికి ఒక పెద్ద బోర్డు పెడితే పిల్లలు చూసీచూడనట్టు దాటిపోతారు. న్యూజిలాండ్‌లోని క్రైస్ట్‌చర్చ్ అంటార్కిటిక్ కేంద్రంలో ఇందుకో ఉపాయం చేశారు. ఒక గదిని సున్నాకు 8 డిగ్రీల కిందికి చల్లబరిచి, పెద్ద ఫ్యాన్లతో తుపాను గాలి వదులుతారు. కోటు తొడుక్కుని లోపలికెళ్లిన వాళ్ల ఒంటికి అది మైనస్ 18 లాగా తగులుతుంది. మే నెల ఎండలెరిగిన మనవాళ్లకు అదొక మరపురాని అనుభవమే. కానీ చలి తెలిసినంత మాత్రాన అక్కడ శాస్త్రవేత్తలు ఏం చేస్తున్నారో తెలిసినట్టు కాదు. పిల్లల చెయ్యి ఏదో ఒకటి చేయాలి, ఆ చేసింది వాళ్లు అనుకున్నట్టు జరగకూడదు. అప్పుడే ప్రశ్న పుడుతుంది.

అలాంటి వాటిలో అన్నిటికన్నా చవకైనదీ, గొప్పదీ రెండు గాజు గ్లాసుల ప్రయోగం. ఒక గ్లాసు నీళ్లలో ఐసు ముక్క తేలుతూ ఉంటుంది. రెండో దాంట్లో నీటిపైకి పొడుచుకొచ్చిన రాయి మీద ఐసు ముక్క పెడతారు. రెండింటికీ నీటిమట్టం దగ్గర పెన్నుతో గీత గీసి, ఐసు కరిగితే ఏమవుతుందని అడగాలి. రెండూ పెరుగుతాయనే జవాబే ఎక్కువగా వస్తుంది. కరిగాక చూస్తే మొదటి గీత కదలదు, రెండో గ్లాసులో నీళ్లు గీత దాటి పైకొస్తాయి. ఉత్తర ధ్రువం దగ్గర సముద్రం మీద తేలే మంచు మొదటి గ్లాసు. అంటార్కిటికా నేల మీద పేరుకున్న మంచు రెండోది. అదంతా కరిగితే సముద్రాలు సుమారు 58 మీటర్లు లేస్తాయి. మన కాలంలో అంత జరగదు. కానీ సముద్రానికి దగ్గరగా నాగాయలంకలో, హంసలదీవిలో బతికేవాళ్లకు ఒక్క మీటరైనా తక్కువేమీ కాదు. ఐసు కరుగుతున్నంతసేపూ జవాబు చెప్పేయకుండా ఆగగలగడం, అదీ వివరించేవాళ్ల పనితనం. ఆ ఓపిక లేని చోట ఎంత ఖరీదైన పరికరం పెట్టినా వృథా.

ఇక దూరం సంగతి. పరిటాల దగ్గర్లోని కొండపల్లి అనగానే అందరికీ పొణికి కర్ర బొమ్మలే గుర్తొస్తాయి. ఆ కొండ రాయిని ఎవరూ తలుచుకోరు. ఆ కొండల్లో చార్నొకైట్ అనే పురాతన శిల ఉంది. తూర్పు కనుమల రాళ్లకూ తూర్పు అంటార్కిటికా తీరపు రాళ్లకూ భూగర్భ శాస్త్రజ్ఞులు చుట్టరికం కలుపుతారు. ఒకప్పుడు ఈ రెండూ గోండ్వానా అనే ఒకే భూభాగంలో ఆనుకుని ఉండేవి. సుమారు 13 కోట్ల ఏళ్ల కిందట విడిపోయాయి. అంటే అంటార్కిటికా సంగతి చెప్పడానికి పెంగ్విన్ కన్నా ముందు కొండపల్లి రాయి ముక్కను పిల్లల చేతిలో పెట్టొచ్చు.

బొగ్గు కథ ఇంకా దగ్గరిది. దక్షిణ ధ్రువం నుంచి తిరిగొస్తూ 1912లో బ్రిటిష్ అన్వేషకుడు స్కాట్ బృందం మంచులోనే ప్రాణాలు విడిచింది. నడవలేని స్థితిలోనూ వాళ్లు వదలకుండా లాక్కొచ్చిన సుమారు 16 కిలోల రాళ్లు వాళ్ల గుడారం దగ్గర దొరికాయి. వాటిలో గ్లోసోప్టెరిస్ అనే నాలుక ఆకారపు ఆకు ముద్రలు ఉన్నాయి. మన సింగరేణి బొగ్గు కూడా ఆ జాతి చెట్ల కాలానిదే. పరిటాల పక్కనే ఇబ్రహీంపట్నం థర్మల్ కేంద్రంలో మండేది అలాంటి గోండ్వానా బొగ్గే. దాని పొగలోని బొగ్గుపులుసు వాయువు గాలిలో కలిసి, ధ్రువాల మంచులో బుడగలుగా చిక్కుకుంటుంది. అంటార్కిటికాలో తవ్వి తీసిన 8 లక్షల ఏళ్ల మంచు బుడగల్లో, పరిశ్రమల కాలానికి ముందు ఆ వాయువు పది లక్షల పాళ్లలో 300 దాటిన దాఖలా లేదు. ఇప్పుడు గాలిలో 420 దాటింది.

అంటార్కిటికా పరిశోధనలో హైదరాబాద్ వాటా పెద్దది. 1983-84లో మన మూడో అంటార్కిటికా యాత్రకు నాయకత్వం వహించి, మన తొలి కేంద్రం ‘దక్షిణ గంగోత్రి’ని కట్టించిన హర్ష్ గుప్తా తరువాత అక్కడి భూభౌతిక పరిశోధన సంస్థ ఎన్‌జీఆర్‌ఐకి డైరెక్టరయ్యారు. అక్కడిదే జీవశాస్త్ర పరిశోధన సంస్థ సీసీఎంబీ శాస్త్రవేత్త ఎస్. శివాజీ పాల్గొన్న పరిశోధనలో దొరికిన ఒక బ్యాక్టీరియాకు అంటార్కిటికాలోని మన ‘మైత్రి’ కేంద్రం పేరే పెట్టారు: ప్లానోకాకస్ మైత్రియెన్సిస్. భారతిలోని యాంటెన్నాలు అందుకునే ఉపగ్రహ చిత్రాలు హైదరాబాద్ దగ్గరి షాద్‌నగర్‌కు చేరతాయి.

ఎన్‌జీఆర్‌ఐ, సీసీఎంబీ రెండూ శాస్త్ర, పారిశ్రామిక పరిశోధన మండలి సీఎస్‌ఐఆర్ సంస్థలే. సెప్టెంబర్ 26 సీఎస్‌ఐఆర్ స్థాపన దినం. ఆ రోజుకు అటూఇటూగా ప్రయోగశాలల తలుపులు విద్యార్థులకు తెరుస్తారు. జగ్గయ్యపేట, నందిగామ బడుల ఉపాధ్యాయులు ముందే కబురు చేసి ఒక బస్సు మాట్లాడుకోవాలి. పిల్లలు వెళ్లలేకపోతే వాళ్ల ఊరికి ఆ సంస్థలే రావాలి. ఒక వ్యాను, రెండు గ్లాసులు, ఐసు ముక్కలు, కొండపల్లి రాయి, సింగరేణి బొగ్గు ముక్క చాలు. పరిటాల బడి హైదరాబాద్ జాతీయ రహదారికి దగ్గర్లోనే ఉంది.