సారె ముందు చోటు

హైదరాబాద్‌లో శని, ఆదివారాల్లో కుండలు చేయడం నేర్పే స్టూడియోలకు ఇప్పుడు మంచి గిరాకీ. రుసుము కడితే చాలు, ఏ కులం వాళ్లయినా, ఏ ఉద్యోగం చేసేవాళ్లయినా ఏప్రాన్ కట్టుకొని కరెంటు చక్రం ముందు కూర్చోవచ్చు. నేను నేర్చుకున్న చోట ఎక్కువమంది ఆడవాళ్లే. మట్టి ప్యాకెట్లలో సిద్ధంగా వస్తుంది. గిన్నె చేసి, అడుగున పేరు గీసి, బల్ల మీద పెట్టి ఇంటికి పోతాం. కొన్నాళ్లకు అది కాలి, గ్లేజ్ మెరుపుతో చేతికి వస్తుంది. మధ్యలో ఏం జరిగిందో అడిగితే ఓపికగా చెబుతారు. అడగకపోయినా తరగతి నడిచిపోతుంది.

ఆ మధ్యలో జరిగేదే అసలు పని అని నాకు తెలిసింది నిజామాబాద్ జిల్లా పోచంపాడ్ దగ్గర ఒక కుమ్మరింట్లో. ఆ ఇంటి పెద్దను పెద్దబాపు అనీ, ఆయన భార్యను పెద్దమ్మ అనీ పిలుస్తాను. పసుపు ఉడకబెట్టే రోజుల్లో వాళ్ల వాకిట్లోకి పోతే ఆర్మూర్ చుట్టుపక్కల ఊళ్లన్నిట్లో ఉండే పచ్చి వాసనే అక్కడా ఉంటుంది. రోడ్డవతల కల్లంలో ఉడికిన కొమ్ములు, గోళలు మండే ఎండలో పరిచి ఉంటాయి. ఇవతల కొట్టంలో పచ్చికుండలు నీడ పట్టున ఆరుతుంటాయి. పసుపుకు ఎండ ఎంత అవసరమో పచ్చికుండకు అంత ప్రమాదం. మూతి ముందే ఆరి, అడుగు తడిగా ఉండిపోతే గోడ పగులుతుంది.

అక్కడ నన్ను మొదట సారె దగ్గరికి రానివ్వలేదు, మట్టి దగ్గరే ఉంచారు. చెరువు నుంచి తెచ్చిన నల్లమట్టిని ఎండబెట్టి, కట్టెతో పొడిగొట్టి, జల్లించి, నానబెట్టి, సన్న ఇసుక కలిపి కాళ్లతో తొక్కాలి. పెద్దమ్మ మడమతో అంచు నుంచి నడిమికి చుట్లు తిరుగుతూ తొక్కుతుంది. ఉన్నట్టుండి ఆగుతుంది. బొటనవేలి కింద ఏదో తగిలిందన్నమాట. వంగి, రెండు వేళ్లతో తవ్వి, జొన్నగింజంత తెల్లటి రాయి తీసి అవతల పారేస్తుంది. అది సున్నపురాయి. మట్టిలో మిగిలిపోతే కుండతోపాటు కాలి సున్నమవుతుంది. ఆవం నుంచి తీసినప్పుడు ఏమీ కనపడదు. రోజులు గడిచాక గాలిలో తేమ పీల్చుకొని ఉబ్బి, కుండ గోడను పెచ్చు లేపుతుంది. కొన్నవాడు కుమ్మరిని తిడతాడు. ఆ తిట్టు రాకుండా చూసేది పెద్దమ్మ పాదం. జల్లెడకు దొరకనిది ఆ పాదానికి దొరకడం నేను చాలాసార్లు చూశాను.

ఈ ప్రాంతంలో మట్టికి కరువుందంటే బయటివాళ్లు నమ్మరు. 1963లో నెహ్రూ ఇక్కడ శంకుస్థాపన చేసిన శ్రీరాంసాగర్ ప్రాజెక్టులో 112 టీఎంసీల నీళ్లు నిలుస్తాయని లెక్కవేశారు. గోదావరి తెచ్చిన పూడికతో ఆ లెక్క 90కి దిగింది, అక్కడితోనూ ఆగలేదు. అంత ఒండ్రు కళ్ల ముందున్నా కుండకు అది నేరుగా పనికిరాదంటాడు పెద్దబాపు. ఆయనకు కావలసింది చెరువులో ఒక మూల, ఒక లోతులో ఉండే జిగటమట్టి. చెరువుల పూడిక తీసే మిషన్ కాకతీయ 2015 మార్చి 12న సదాశివనగర్ చెరువు దగ్గర మొదలైంది. అప్పుడది నిజామాబాద్ జిల్లాలోనే ఉండేది. చెరువులు బాగుపడ్డాయి, పూడిక పొలాలకు చేరింది, పంటకు మేలు జరిగింది. కానీ జేసీబీ పొరలన్నీ కలిపి ఎత్తుతుంది. కుమ్మరి మూల ఏదో అడిగి, దాన్ని విడిచిపెట్టి తవ్వించే పద్ధతి ఊరూరా ఉండాల్సింది. ఇప్పటికైనా పెట్టొచ్చు.

ఇక సారె. స్టూడియోలో గిన్నె చక్రం మీదే పూర్తవుతుంది. ఇక్కడ సారె మీద కుండ సగమే తయారవుతుంది. మూతి, మెడ తీర్చి, కింది భాగం మందంగానే ఉంచి దారంతో కోసి దించుతారు. కొంత ఆరాక మిగతా సగం మొదలవుతుంది. ఎడమచెయ్యి కుండ లోపల గుండ్రాయి పట్టుకొని ఉంటుంది, కుడిచెయ్యి బయట చెక్కతో కొడుతుంది. అంటుకోకుండా బూడిద చల్లుతుంటారు. లోపలి రాయి ఎక్కడుందో కంటికి కనపడదు. చెక్క దెబ్బ సరిగ్గా దాని మీదే పడాలి. పడితే గోడ పలచబడుతూ అడుగు గుండ్రంగా సాగుతుంది. తప్పితే గోడ లోపలికి కుంగుతుంది. నేను కుండలోకి తొంగి చూస్తుంటే పెద్దబాపు అన్నాడు: “చూసుడు కాదు బిడ్డా, ఇను.” నిజమే. రాయి, చెక్క కలిసినప్పుడు చప్పుడు గట్టిగా వస్తుంది. కలవనప్పుడు మొద్దుగా, నీరసంగా ఉంటుంది. గోడ పలచబడే కొద్దీ ఆ చప్పుడు సన్నబడుతుంది. మందం సరిపోయిందో లేదో ఆయన చెవితోనే తేల్చుకుంటాడు. ఏ స్టూడియోలోనూ నాకీ పాఠం దొరకలేదు.

కాల్చడం గురించి ఒక్క మాట. మట్టిలోని ఇసుక రేణువు 573 డిగ్రీల దగ్గర ఒక్కసారిగా ఉబ్బుతుంది. చల్లారేటప్పుడు అక్కడే మళ్లీ కుంచించుకుంటుంది. ఆ గడప దగ్గర మంట తొందరపడితే కుండలు చిట్లుతాయి. స్టూడియో కొలిమికి అంకెలు చూపే మీటరుంటుంది. ఆవానికి పిడకలు, కట్టెలు, గడ్డి, పైన మట్టి పూత, పొగ రంగును కనిపెట్టే మనిషి ఉంటారు. ఆ మంట 1200 డిగ్రీలకు పోదు, పోనక్కర్లేదు కూడా. తక్కువ వేడిలో కాలిన గోడకు సన్నటి రంధ్రాలు మిగులుతాయి. నీరు వాటిలోంచి ఊరి ఆవిరవుతుంది కాబట్టే రంజన్‌లో నీళ్లు చల్లబడతాయి. నేను నగరంలో చేసిన గ్లేజ్ కూజా చూడటానికి బాగుంటుంది, నీళ్లను మాత్రం చల్లబరచదు.

ఇంత తెలిసిన ఇంట్లో ఒక సంగతి నన్ను నిలవనివ్వడం లేదు. పెళ్లయినప్పటి నుంచి మట్టి తొక్కుతున్న పెద్దమ్మ ఒక్కనాడూ సారె ముందు కూర్చోలేదు. “మా అత్త కూసోలే, నేను కూసోలే” అంటుంది మామూలుగా. దేశంలో చాలా చోట్ల కుమ్మరి ఆడవాళ్లు సారె పట్టకూడదన్న కట్టుబాటు ఉంది. పరాయిదాన్నయిన నేను బయటి నుంచి వచ్చి ఆ పీట మీద కూర్చున్నాను. మట్టి మెత్తగా పిసికి నా చేతికి అందించింది ఆమె. ఇది సరైన లెక్క కాదని నాకు గట్టిగా అనిపిస్తుంది. కరెంటు చక్రం వచ్చాక ఆ ఇంటి కోడలు దాని మీద దీపంతలు, గురుగులు తీస్తోంది. కర్రతో తిప్పే పాత సారెకున్న కట్టుబాటు స్విచ్చు వేస్తే తిరిగేదానికి వర్తించలేదు. ఎవరూ అభ్యంతరం చెప్పలేదట. ఖాదీ కమిషన్ 2018 నుంచి కుమ్మరులకు కరెంటు చక్రాలు పంచుతోంది. పంచినవాళ్లు శ్రమ తగ్గించడం గురించే మాట్లాడతారు. నా లెక్కలో దానికంటే పెద్ద మేలు, ఆడవాళ్లకు ఆ పీట మీద చోటు దొరకడం.

2023 సెప్టెంబర్ 17న మొదలైన పీఎం విశ్వకర్మలో 18 చేతిపనులున్నాయి, కుండల పని వాటిలో ఒకటి. పనిముట్లకు 15,000 రూపాయలు, శిక్షణ రోజుకు 500 భత్యం ఇస్తారు. మంచిదే. కానీ కుటుంబానికి ఒక్కరే పేరు నమోదు చేసుకోవాలి. కుండ ఒక్కరి పనేనా? తొక్కేవారు, కొట్టేవారు, పూత పూసేవారు, ఆవం పేర్చేవారు కలిస్తేనే కదా కుండ. ఒకే పేరుంటే అది మగవాడి పేరే అవుతుందని వేరే చెప్పక్కర్లేదు.

కుమ్మరిని మనం శిక్షణ తీసుకునేవాడిగానే చూస్తున్నాం, శిక్షణ ఇచ్చేవాడిగా చూడటం లేదు. హిమాచల్‌లోని అంద్రెట్టా చిన్న పల్లెటూరు. 1983లో అక్కడ మొదలైన కుండల కేంద్రానికి దూరదూరాల నుంచి వచ్చి ఉండి నేర్చుకునేవాళ్లున్నారు. పుదుచ్చేరిలో 1971లో మొదలైన గోల్డెన్ బ్రిడ్జ్ పాటరీ నుంచి ఎందరో కళాకారులు వచ్చారు. నిజామాబాద్ పేరుతో భౌగోళిక గుర్తింపు తెచ్చుకున్న నల్లకుండలు ఉన్నాయి గానీ అవి మనవి కావు, ఉత్తరప్రదేశ్‌లోని ఆజంగఢ్ జిల్లా నిజామాబాద్‌వి. మన పసుపుకు 2025 సంక్రాంతి నాడు జాతీయ బోర్డు వచ్చింది, రైతులు ఏళ్లపాటు కొట్లాడితే వచ్చింది. అదే పసుపును బోనం కుండకు పూస్తాం. పెళ్లిళ్లకు ఐరేని కుండలు కుమ్మరింటి నుంచే తెచ్చుకుంటాం. ఆ కుండ చేసే చేతికి ఒక బడి కావాలని అడగడానికి ఎవరూ రోడ్డెక్కలేదు.

ఆర్మూర్‌లోనో పోచంపాడ్‌లోనో ఒక రేకుల కొట్టం, నాలుగు కరెంటు చక్రాలు, ఒక పాత సారె, పొగ ఇళ్లమీదికి పోని చోట ఒక ఆవం ఉంటే చాలు. నేర్పేది కుమ్మరి దంపతులు. నెల జీతం ఇద్దరికీ వేర్వేరుగా, ఇద్దరి ఖాతాల్లో పడాలి. నేర్చుకోవడానికి ఏ ఇంటి పిల్లలైనా రావచ్చు. పుట్టుకతో తప్ప నేర్పరన్న పేరు ఈ పనికి ఉండకూడదు. రుసుము లేకుండా నేర్పమని వాళ్లను ఎవరూ అడగకూడదు కూడా. నగరంలో గంటల లెక్కన చెల్లించేవాళ్లం, ఊళ్లో ఉచితంగా ఎందుకు ఆశించాలి?

ఈ మాటలన్నీ పెద్దబాపుకు చెబితే, పిల్లలు వస్తారా అన్న అనుమానం ఆయనది. పెద్దమ్మ మాత్రం అప్పుడే పద్ధతి ఆలోచించి పెట్టింది. ఎండాకాలం సెలవులు రాగానే మొదలుపెట్టాలి, చెరువు అడుగు తేలేది అప్పుడే. మొదటి వారం అందరూ మట్టి తవ్వి తెచ్చి తొక్కాలి. వానలు పడేలోపు ఒక ఆవం దించాలి. ఆ తర్వాత బోనాలు, వాటికి కుండలు ఎలాగూ కావాలి.