కంచునుండి పుట్టిన టైపు

శిలాశాసనము చెక్కువాడు అక్షరమును రాతిలోనికి త్రవ్వును. వ్రాయసకాడు కాగితముపై సిరాను మోపును. ఈ రెంటికిని భిన్నముగా, అక్షరమును ముట్టక దాని చుట్టునున్న లోహమునంతయు ఉలితో తొలగించి, అక్షరమును మాత్రమే ఉబ్బెత్తుగా నిలుపు పద్ధతి యొకటి కలదు. జర్మనీలోని ఆఫెన్‌బాఖ్ పట్టణమున జనించి, అక్షరశిల్పాచార్యుడైన రుడోల్ఫ్ కోఖ్ కడ శిష్యరికము చేసిన బెర్తోల్డ్ వోల్ప ఇట్లు చెక్కిన కంచుఫలకముల ఛాయాచిత్రములను చూచి, అచ్చుటైపులను తయారుచేయు మోనోటైపు సంస్థకు సలహాదారుడైన స్టాన్లీ మోరిసన్, ఆ రూపుననే అచ్చునకు టైపొకటి గీసి యిమ్మని 1932లో ఆయనను కోరెను. పదుమూడవ శతాబ్దపు తత్త్వవేత్త ఆల్బర్టస్ మాగ్నస్ పేరిట దానికి ఆల్బర్టస్ అను నామకరణము జరిగినది.

దాని స్వభావమంతయు ఆ ఉలినుండియే వచ్చినదని నా తలంపు. ఉలి వెలుపలినుండి నడచునపుడు సన్నని మొనలను నిలుపుట దుష్కరము. కావుననే గీతలు స్థూలములై, రూపము నిరాడంబరమై, మూలలు వాడిగా నుండియు ముండ్లవలె పొడుచుకొని రాకున్నవి. గీత కొనయందు సన్నని అడ్డుకొసగా నుండవలసిన సెరిఫ్ ఇందు వేరుగా కానరాదు. నిలువుగీతయే చివరకు వచ్చుసరికి ఇంచుక విరిసి, ఏనుగు పాదమువలె నేలనాని నిలుచును. బొద్దు టైపులు పెక్కింటిలో బరువు మాత్రమే యుండును. ఇందు చేతిపని జాడయు కలదు.

1935లో మొదట వెలువడినవి ఆంగ్లలిపిలోని పెద్దబడి అక్షరములే. చిన్నబడి పిదప చేరినది. ఆ క్రమమే దీని యోగ్యతను తెలుపుచున్నది. నాలుగు మాటల శీర్షికను దీనితో కూర్చి, అక్షరముల నడుమ కొంచెము ఎడమిచ్చితిమా, పుటకంతటికిని నిండుదనము వచ్చును. వ్యాసమునంతయు దీనితోనే కూర్చితిమా, ప్రతి యక్షరమును తననే చూడుమని పిలుచుటచే చదువరి కన్ను వాక్యము నందుకొనలేక అలసిపోవును. శుభలేఖలకు దీనిని వాడువారును కలరు. నా మనస్సునకు అది రుచింపదు.

ఈ టైపు కొద్ది మాటలకే తగునన్న మర్మమును వోల్ప బాగుగా నెరిగియుండెను. యూదుడగుటచే నాజీల జర్మనీని విడిచి 1935లో ఇంగ్లండు చేరి, యుద్ధకాలమున శత్రుదేశీయుడన్న నెపమున ఆస్ట్రేలియాలో నిర్బంధితుడై, తిరిగివచ్చి 1941లో ఫేబర్ అండ్ ఫేబర్ ప్రచురణాలయమున చేరిన ఆయన, 1975 వరకు అచ్చట సుమారు 1500 పుస్తకముల అట్టలను తీర్చెను; వానిలో పెక్కింటియందు బొమ్మ యనునదే లేక, రచయిత పేరును గ్రంథనామమును మాత్రమే, కొన్నిట ఆల్బర్టస్‌తోను కొన్నిట తన చేతివ్రాతతోను, అట్టనిండ నిలిపెను.

లండను నగరపు నడిబొడ్డున 'సిటీ' యనబడు ప్రాంతమున వీథుల పేరుపలకలపై నేడు కానవచ్చునదియు ఈ టైపే. 1967నాటి 'ది ప్రిజనర్' టెలివిజన్ ధారావాహికమున, కథానాయకుని బంధించిన వింత గ్రామపు పలకలకు దీనినే వాడి, చిన్నబడి ఐ, జే అక్షరముల పైచుక్కలను తీసివేసిరి. చూపరికి ఏదియో లోపించినదన్న శంక కలుగును గాని, లోపించినదేదియో వెంటనే తోపదు.