మూడు నిమిషాల ప్లేటులో ఇమడని పాట

ప్రధాన గాయకుడు సోనీ టిల్ మైకు ముందుకొస్తే హాల్లో ఆడవాళ్లు కేకలు పెట్టేవాళ్లని అమెరికన్ గాయక బృందం ఒరియోల్స్ గురించి రాసిన ప్రతివాళ్లూ రాశారు. వాళ్ల రికార్డులు విన్నవాళ్లకు ఆ కేకలకు కారణం సగమే తెలుస్తుంది. 1948 నాటి 'ఇట్స్ టూ సూన్ టు నో' గొప్ప రికార్డు, అందులో సందేహం లేదు. అయితే స్టూడియోలో, ఎదురుగా ఒక్క శ్రోత కూడా లేకుండా పాడిన పాట అది. 78 ఆర్పీఎం ప్లేటుకు ఒక వైపు పట్టేది మూడు నిమిషాలు, మహా అయితే ఇంకొంచెం. తొలినాళ్ల రిదమ్ అండ్ బ్లూస్ గాయక బృందాల గురించి మనకు తెలిసిందంతా దాదాపుగా ఆ మూడు నిమిషాల నుంచి వచ్చిందే. అందుకే జనం ముందు పాడుతుండగా పట్టిన పాట ఎక్కడైనా దొరికితే నాలాంటివాళ్లు ఎగిరి గంతేస్తారు.

ఆ రోజుల్లో స్టేజీ మీద బృందమంతటికీ తరచూ ఒకటే మైకు. ఎవరి గొంతు ఎంత వినపడాలో తేల్చేది ఇంజనీరు కాదు, పాడేవాళ్ల కాళ్లు. ప్రధాన గాయకుడు మైకుకు ఆనుకుని నిలబడతాడు, మిగతావాళ్లు అడుగు వెనక. మధ్య చరణం రాగానే ఇంకొకడు ముందుకొస్తాడు, మొదటివాడు పక్కకు ఒరుగుతాడు. అదంతా తాళంలోనే జరగాలి, ఊపిరి చప్పుడు వినపడకూడదు. ఒరియోల్స్‌లో ఈ పనితనం చూడాలి! టిల్ మెత్తటి గొంతుతో తాళానికి కాస్త వెనకబడి సాగదీస్తాడు. మధ్యలో జార్జ్ నెల్సన్ బొంగురు బారిటోన్ అందుకుంటుంది. అలెగ్జాండర్ షార్ప్ తారస్థాయిలో మాటల్లేకుండా పైపైన తేలిపోతుంటాడు. అడుగున జానీ రీడ్ మంద్రం. నాలుగు గొంతులూ కలిసినా ఏ గొంతుకా గొంతు విడిగా తెలుస్తూనే ఉంటుంది.

రేవెన్స్ బృందం అభిమానులు ఇక్కడ నాతో తగవు పడతారు. వెనక నిలబడి హూంకరించే బేస్ గాయకుణ్ణి ముందు వరసలోకి తెచ్చినవాడు తమ జిమ్మీ రిక్స్ అంటారు. నిజమే. 1947లో 'ఓల్ మ్యాన్ రివర్' పాడినప్పుడు నేల అడుగు నుంచి వచ్చినట్టుంటుంది ఆ గొంతు. అయినా నా ఓటు ఒరియోల్స్‌కే.

ఇక క్లైడ్ మెక్‌ఫాటర్. చర్చి పాటల నుంచి వచ్చి, 1950లో బిల్లీ వార్డ్ బృందం డొమినోస్‌లో చేరి, 1953లో డ్రిఫ్టర్స్‌ను నిలబెట్టిన మహానుభావుడు. 'ది బెల్స్' రికార్డులో పాట ఏడుపుగా మారిపోతుంది. స్టూడియోలోనే అంత చేసినవాడు జనం ఎదురుగా ఉంటే ఏం చేసేవాడు? అంచనా కట్టాలంటే ఆయన పెరిగిన గాస్పెల్ బడి వైపు చూడాలి. 1955 జూలై 22న లాస్ ఏంజెలిస్ ష్రైన్ ఆడిటోరియంలో స్పెషాల్టీ రికార్డు కంపెనీ ఒక గాస్పెల్ కచేరీని రికార్డు చేసింది. అందులో శామ్ కుక్, ఆయన బృందం సోల్ స్టిరర్స్ పాడిన 'నియరర్ టు దీ' ఎనిమిది నిమిషాలు దాటుతుంది. కుక్ ఒక్క మాటను పట్టుకుని తిప్పుతాడు, విరుస్తాడు, జనం కేక వేస్తే ఆ కేకకు జవాబుగా ఇంకో సంగతి వేస్తాడు. పద్యనాటకంలో 'ఒన్స్ మోర్' కేకలు విని పెరిగిన మనవాళ్లకు ఇది విడమరచి చెప్పనక్కర్లేదు.

ఇలాంటి కచేరీ రికార్డులు ఎందుకింత అరుదు? కంపెనీలకు అక్కర్లేదు కనుక. 1962 అక్టోబర్ 24న హార్లెం అపోలో థియేటర్‌లో కచేరీ రికార్డు చేద్దామని జేమ్స్ బ్రౌన్ అడిగితే, జనం ఇదివరకే కొన్న పాటల్ని మళ్లీ ఎవరు కొంటారని కింగ్ రికార్డ్స్ యజమాని సిడ్ నేథన్ డబ్బు పెట్టనన్నాడు. బ్రౌన్ సొంత డబ్బు పెట్టుకున్నాడు. ఆ రికార్డు బిల్‌బోర్డ్ పట్టికలో రెండో స్థానం దాకా వెళ్లి 66 వారాలు నిలబడింది. మొన్న మొన్నటి 1962లోనే యజమాని బుద్ధి ఇదైతే, 1949లో ఎవడు మైకు పట్టుకెళ్తాడు!  

కాబట్టి మిగిలినవి ఎక్కువగా రేడియో పుణ్యమే. న్యూయార్క్ డబ్ల్యూఎంసీఏ స్టేషన్ అపోలో ఔత్సాహికుల పోటీలను ప్రసారం చేసేది. అమెరికా సైన్యపు రేడియో నల్లజాతి సైనికుల కోసం 'జూబిలీ' కార్యక్రమాన్ని పదహారు అంగుళాల ప్లేట్ల మీద పంపేది. డిస్క్ జాకీ అలన్ ఫ్రీడ్ 1956లో సీబీఎస్‌లో నడిపిన కార్యక్రమాలు కొన్ని ఉన్నాయి. టీవీ తెర ఎదుట సినిమా కెమెరా పెట్టి పట్టిన ఫిల్ములు ఇంకొన్ని. 1955 నవంబర్ 20న ఎడ్ సలివాన్ షోలో ఫైవ్ కీస్ బృందంవాళ్లు అలా దక్కారు. ఆనాడు పాడుతుండగానే నేరుగా గాడి కోసిన ప్లేట్లు అల్యూమినియం రేకు మీద నైట్రోసెల్యులోజ్ పూత. యుద్ధకాలంలో అయితే గాజు మీద. ఏళ్లు గడిచేకొద్దీ పూత పెచ్చులుగా లేస్తుంది. లేచిన చోట పాట ఇక ఎవరి తరమూ కాదు.

అసలు ఇలా పోతుంటే నకిలీకి మాత్రం కొదవ లేదు. స్టూడియో పాటకు చప్పట్లు అతికించి 'లైవ్' అని అమ్మడం పాత మోసం. 'ఫ్రమ్ స్పిరిచువల్స్ టు స్వింగ్' అంతటి గౌరవనీయమైన ఆల్బమ్‌కు కూడా ఆ మరక తప్పలేదు. గోల్డెన్ గేట్ క్వార్టెట్ కార్నెగీ హాల్లో నిజంగా పాడిన పాటల పక్కనే, స్టూడియో పాటలు కొన్ని అరువు చప్పట్లతో కూర్చున్నాయి. అతికించిన చప్పట్లు పట్టుకోవడం కష్టం కాదు. గాయకుడు ఏం చేసినా అవి ఒకేలా మోగుతాయి. నిజమైన హాలు గాయకుడితో పాటు ఊపిరి బిగబడుతుంది.

నకిలీ చప్పట్ల దగ్గరే ఆగలేదు. 1954లో కార్డ్స్ బృందం పాడిన 'ష్-బూమ్'ను క్రూ-కట్స్ అనే తెల్ల బృందం ఇస్త్రీ చేసి పాడి మొదటి స్థానం కొట్టేసింది. ఆ గాయం చాలదన్నట్టు, తర్వాత అసలు సభ్యుడు ఒక్కడూ లేని డ్రిఫ్టర్లు, కోస్టర్లు, ప్లాటర్లు ఊరూరా తిరిగారు. అసలువాళ్లు పేరు కోసం కోర్టుల చుట్టూ తిరుగుతుంటే, నకిలీలు వాళ్ల పేరుతో టిక్కెట్లమ్ముకున్నారు. 2005లో పెన్సిల్వేనియా దీని మీద చట్టం చేసింది, తర్వాత చాలా రాష్ట్రాలు అదే దారి పట్టాయి. అప్పటికి అసలు గాయకుల్లో ఎంతమంది బతికున్నారు?

నాకు ఎక్కువ కోపం మాత్రం ఆ పాత ప్లేట్లను దాచుకునేవాళ్ల మీద. నా దగ్గరే ఉంది, ఇంకెవరి దగ్గరా లేదన్న గర్వంతో ప్లేటును బీరువాలో పెట్టి తాళం వేస్తారు. అయ్యా, ప్లేటు మీది పూతకు మీ గర్వం తెలియదు. హక్కులెవరివో తర్వాత తేల్చుకోవచ్చు, ముందు మంచి సూది పెట్టి ఒక్కసారి డిజిటల్‌లోకి ఎక్కించండి, ఏదైనా గ్రంథాలయానికి ఒక కాపీ ఇవ్వండి. ఆ ష్రైన్ కచేరీ 1955లో రికార్డయితే, 1993 దాకా సీడీగా రాలేదు. శామ్ కుక్ 1964లోనే పోయాడు.