ఇద్దరు భాస్కరులు, ఇద్దరు మల్లయ్యలు

వొకే పేరుగల యిద్దరు మనుషులు చరిత్రలో ఎదురైతే, మన పండితులు సాధారణంగా ఎవరి కీర్తి పెద్దదో వారి వేపే మొగ్గుతారు. యిది వట్టి పొరపాటే అయితే క్షమించవచ్చు. కాని యీ పొరపాటు ఎప్పుడూ వొక వేపుకే జరుగుతుంది. భాస్కర రామాయణాన్ని గురించి సాగిన చర్చే అందుకు నిదర్శనం.

తిక్కన సోమయాజి తాత పేరు మంత్రి భాస్కరుడు. నిర్వచనోత్తర రామాయణంలో తిక్కన ఆయనను గుంటూరికి ప్రభువుగా, మంచి కవిగా స్మరించాడు. ఆ తాత రాసిన కావ్యమేదీ మనకు దక్కలేదు. మరో వంక భాస్కర రామాయణమనే గ్రంథం వుంది. ఇంకేం, కొందరు రెండింటినీ ముడిపెట్టారు. వారి వాదం వినటానికి ముచ్చటగానే వుంటుంది: తిక్కన పూర్వకథను విడిచి వుత్తరకథనే ఎందుకు చేపట్టాడు? తాత అప్పటికే పూర్వకథ రాసేసి వుండబట్టేనట!

తిక్కన చెప్పని దాన్ని సాక్ష్యంగా నిలబెట్టటం తప్ప యిందులో వేరే బలమేమీ లేదు. గ్రంథం సాహిణి మారనికి అంకితమైంది. ఆ అశ్వసేనాధిపతిది కాకతీయ ప్రతాపరుద్రుడి కాలం, అంటే 1289 – 1323 మధ్య. తిక్కన నెల్లూరి మనుమసిద్ధి ఆస్థానంలో వున్నవాడు. ఓరుగల్లులో గణపతిదేవుడు (1199 – 1262) ఏలుతుండిన రోజులవి. మనుమడే అంత ముందువాడైతే, అతనికి రెండు తరాల వెనకటి తాత ప్రతాపరుద్రుడి సేనానికి కావ్యం ఎలా అంకితమిస్తాడు? పేరును పట్టుకుని పోయినవారు దారి తప్పారు. ఎవరి కొలువు, ఎవరి సొమ్ము, ఎవరికి అంకితం అని అడిగినవారికి హుళక్కి భాస్కరుడు కనిపించాడు.

యిక్కడొక సంగతి చెప్పుకోవాలి. ఆ రామాయణంలో భాస్కరుడిది అరణ్యకాండ, యుద్ధకాండలో కొంత భాగం. బాల, కిష్కింధ, సుందరకాండలు కొడుకు మల్లికార్జునభట్టువి. అయోధ్యకాండ కుమార రుద్రదేవుడిది, మిగిలిన యుద్ధకాండ అయ్యలార్యుడిది. అంటే యిది నలుగురి చేతిపని. కాండలు లెక్కిస్తే తండ్రికన్నా కొడుకే ఎక్కువ రాశాడు. మంత్రి భాస్కరుడి వాదంలో ముందుగా మాయమయ్యేది యీ సమష్టి శ్రమే. మహాకవికి మహాకవి అయిన తాత వుండి తీరాలన్న కోరిక, జమీందారు తన వంశాన్ని సూర్యుడి దాకా లాక్కుపోయే కోరికకు భిన్నమైనదేమీ కాదు.

అదే వంశంలో మరో జంట వుంది. కవి తిక్కన వొకడు, పెదతండ్రి సిద్ధన కొడుకు ఖడ్గతిక్కన మరొకడు. పుల్లరి విషయమై కాటమరాజుతో జరిగిన పోరులో పడిపోయిన వీరుడాయన. యీ యిద్దరినీ కలిపి గందరగోళపడినవారు లేరు. ఎందుకు? కేతన దశకుమార చరిత్రను కవి తిక్కనకు అంకితమిస్తూ, ఆ యింటి తాతతండ్రులను వరసగా చెప్పి పెట్టాడు గనక. అవతారిక అంటే కృతిపతి కులగోత్రాల పత్రం. దాన్ని రాయించుకోగల స్తోమత వున్నవాడు పేరు కలిసినా చరిత్రలో తప్పిపోడు.

పేర్లు కలవటం మనకు కొత్త కాదు. తాత పేరు మనుమడికి పెట్టే ఆచారం వల్లనే కాకతీయులలో బేతడు, ప్రోలుడు, మళ్ళీ బేతడు, మళ్ళీ ప్రోలుడు అని వరస నడిచింది. చరిత్రకారులు అంకెలు వేసి విడదీశారు. శాసనాలున్నాయి గనక వెయ్యగలిగారు. రుద్రమదేవిని రుద్రదేవ మహారాజుగా చెప్పిన శాసనాలున్నా ఆమె తాతతరం రుద్రదేవుడిలో కలిసిపోలేదు.

శాసనం వెయ్యించలేనివారి సంగతేమిటి? మాదిగలకు డక్కలివారు, గొల్లలకు మందెచ్చులవారు, పద్మశాలీలకు కూనపులివారు తరాల కథ చెబుతూ వచ్చారు. వీరిని మన విశ్వవిద్యాలయాలు జానపద కళాకారులన్నాయి గాని, చరిత్రకారులనలేదు. వీరు దాతను పొగుడుతారన్నది నిజమే. కేతన మాత్రం పొగడలేదా?

మదీనాగూడ నుంచి నా దగ్గరకు వచ్చే విద్యార్థి వొకడు కిందటేడు పాత పహాణీల నకళ్ళు పట్టుకొచ్చాడు. యివాళ అక్కడ ముంబయి రోడ్డు వెంట అంతస్తుల మేడలే గాని, వీటి కింద శేరిలింగంపల్లి పొలాలుండేవి. 1950 నాటి కౌలుదారీ చట్టం కింద రక్షిత కౌలుదారుగా నమోదైన మల్లయ్య తన ముత్తాత అని అతని మాట (పేరు మార్చి చెబుతున్నాను). అదే వూళ్ళో మరో మల్లయ్య వున్నాడు. యిద్దరి తండ్రుల పేరూ ఎల్లయ్యే! 1954–55 ఖాస్రా పహాణీలో వొక్క మల్లయ్యే కనిపిస్తాడు. అతడెవరో తేలితే గాని వారసత్వం తేలదు. అంతకు ముందటి వుర్దూ కాగితాలు మరీ చిక్కు. ఆ లిపిలో హ్రస్వస్వరాలు రాయరు గనక పుల్లయ్యా పిల్లయ్యా వొక్కలాగే వుంటారు. 2020లో ధరణి వచ్చింది, 2025లో దాని స్థానంలో భూభారతి వచ్చింది. రెండూ పాత కాగితం చెప్పిందే చెప్పగలవు.

నేను అతనికి భాస్కరుల కథ చెప్పాను. పేరు వదిలెయ్యి, సంబంధాలు చూడమన్నాను. సర్వే నంబరుకు నాలుగు హద్దులూ ఎవరివి? ఆ మల్లయ్య ఎవరి బావి నీళ్ళు పారించాడు? పెళ్ళాం ఏ వూరి ఆడబిడ్డ? అతను నెల్లాళ్ళు తిరిగాడు. హద్దులవారిలో వొకరి యింట ఎనభై దాటిన ముసలమ్మ దొరికింది. ఆమె లెక్కలో మల్లయ్యలు యిద్దరు కారు. వొకడు మల్లయ్య, రెండోవాడు పుర్రచేతి మల్లయ్య. తమ గట్టు పక్కన నాగలి పట్టింది పుర్రచేతివాడేనట, ఎడమచేత్తో మేడి పట్టేవాడని పిల్లలంతా నవ్వేవారట.

విద్యార్థి ముత్తాత పుర్రచేతివాడు. యింట్లో అందరికీ తెలిసిన సంగతే, ఎవరూ కాగితం మీద పెట్టలేదు. ముసలమ్మ వాంగ్మూలంతో పాటు అదీ అఫిడవిట్‌లో రాయమన్నాను. వకీలు పెదవి విరిచాడు గాని, రాశాడు.