తగలబడుతున్న ఇంటి మీదే నీళ్లు

1966 డిసెంబరులో తూర్పు నైజీరియాలోని ఒక ఊళ్లో మశూచి బయటపడింది. అక్కడ మిషన్ వైద్యుడిగా ఉన్న అమెరికన్ విలియం ఫేగీ దగ్గర టీకా మందు కాస్తే ఉంది. నూటికి ఎనభై మందికి టీకా వేస్తే గానీ జబ్బు ఆగదని అప్పటి లెక్క. ఆయన మ్యాపు ముందేసుకుని చుట్టుపక్కల మిషనరీలతో రేడియోలో మాట్లాడాడు, ఎక్కడెక్కడ రోగులున్నారో కనుక్కోమన్నాడు. ఆ ఊళ్లలోనూ, అక్కడి జనం సంతలకీ చుట్టపుచూపులకీ వెళ్లే ఊళ్లలోనూ తన దగ్గరున్న మందంతా వాడేశాడు. మిగతావాళ్లకి టీకా పడకుండానే అక్కడ మశూచి ఆగిపోయింది.

ఇందులో అదృష్టం కంటే జబ్బు తత్వం తెలియడమే ఎక్కువ. మశూచి జంతువుల్లో దాక్కోదు, మనిషి నుంచి మనిషికే వస్తుంది. పొక్కులు మొహం మీదే లేస్తాయి కాబట్టి ఎవరైనా గుర్తుపడతారు. సోకిన మూడు నాలుగు రోజుల్లో టీకా పడినా చాలావరకు కాపాడుతుంది.

1973లో ఫేగీ మన దేశానికి వచ్చాడు. బీహార్, ఉత్తరప్రదేశ్‌లలో ఆరోగ్య సిబ్బంది పొక్కులున్న పసివాడి బొమ్మ కార్డు పట్టుకుని ఇంటింటికీ తిరిగారు. బళ్లలోనూ సంతల్లోనూ అడిగారు. (ఊరి గుట్టు బడిపిల్లల కంటే బాగా ఎవరికి తెలుసు?) రోగి దొరికితే గుమ్మం దగ్గర రాత్రింబవళ్లు కాపలా, వచ్చేపోయేవాళ్లందరికీ టీకా. సూదికి రెండు మొనలు. మందులో ముంచితే వాటి మధ్య ఒక్క చుక్క నిలుస్తుంది. దాంతో భుజం మీద ఒకేచోట పదిహేను పోట్లు పొడిస్తే రక్తం చెమర్చాలి. ఈ పని నేర్చుకోవడానికి డాక్టరీ చదవక్కర్లేదు.

వెతికేకొద్దీ కేసులు వేలల్లో బయటపడ్డాయి. 1974లో బీహార్ ఆరోగ్యమంత్రికి ఓపిక నశించి, మళ్లీ అందరికీ టీకాలే వేయమన్నాడు. అప్పుడొక యువ భారతీయ డాక్టరు లేచి, మా ఊళ్లో ఇల్లు అంటుకుంటే ఆ ఇంటి మీదే నీళ్లు పోస్తాం, అన్ని ఇళ్ల మీదా పోయం అన్నాడట. మంత్రి ఇంకో నెల గడువిచ్చాడు. చదువుకునే రోజుల్లో అడవి మంటలు ఆర్పే పని చేసిన ఫేగీకి ఆ మాట మరీ నచ్చి ఉంటుంది. 1975 మే తర్వాత దేశంలో మశూచి లేదు.

అయితే ఆఖరి రోజుల్లో కొన్నిచోట్ల తలుపులు బద్దలుకొట్టి, పెనుగులాడుతున్నవాళ్లని పట్టుకుని టీకాలు వేశారు. గెలుపు కథ చెప్పేవాళ్లు దీన్ని దాటవేయడం తగదు.

1977లో ఫేగీ అమెరికా వ్యాధి నియంత్రణ సంస్థ సీడీసీకి డైరెక్టరయ్యాడు. తర్వాత పసిపిల్లల టీకాల పనిలోకీ, 1986లో మాజీ అధ్యక్షుడు కార్టర్ పెట్టిన కార్టర్ సెంటర్‌కీ వెళ్లాడు. ఆ సంస్థ, తాగే నీళ్లతో ఒంట్లో చేరే పురుగు జబ్బు నారికురుపు మీద పోరు మొదలుపెట్టిందీ ఆ ఏడాదే. మన ఆంధ్రప్రదేశ్ పల్లెలు కూడా దిగుడుబావుల నీళ్లు తాగి ఈ జబ్బు బారిన పడినవే. దీనికి టీకా లేదు, మందూ లేదు. ఈ జబ్బు విషయంలోనూ ఇంటింటికీ తిరిగి రోగిని వెతకడమే. ఆపైన అతన్ని నీళ్లలో దిగనివ్వకపోవడం, తాగే నీళ్లు గుడ్డతో వడకట్టించడం. మన దేశంలో చివరి నారికురుపు రోగి 1996లో రాజస్థాన్‌లో కనబడ్డాడు.