దండెం మీది బొంతకు దండం

ధనుర్మాసపు నీరెండలో, పెరటి దండెం మీద, నువ్వు. నీళ్ళు కారుతూ, గాలి నిండి కడుపు ఉబ్బుతూ, మళ్ళీ ఒక నిట్టూర్పుతో వాలుతూ, నువ్వు. అమ్మమ్మ ఆకుపచ్చ నీలోనే ఉంది, అమ్మ వంకాయరంగు నీలోనే ఉంది, అక్క పరికిణీ పసుపు నీలోనే ఉంది, తాతయ్య పంచె తెలుపు పొరల అడుగున దాక్కుని నీలోనే ఉంది. ఎండ ఏటవాలుగా పడితే నీ ప్రతి కుట్టూ గోరంత నీడ వేస్తుంది, నీడలన్నీ కలిసి దుక్కి చాళ్ళవుతాయి. నాట్లు ముగిసిన మడిని గట్టు మీంచి చూసుకునే రైతులా నేను వాకిట్లో నిలబడి నిన్ను చూసుకుంటాను. బొంతా, వరసవరసలా నాటిన దారపు చేనా, మా ఇంటి ఆడవాళ్ళ అరచేతులన్నీ ఒక్కచోట ఆరేసిన పండగా, నీకు దండం.

నిన్ను కన్నది కుట్టు. ఆ తల్లి పేరే తెలుగులో ఒక వింత. తేలు కుడుతుంది, చీమ కుడుతుంది, కందిరీగ కుడుతుంది, ఎదుటివారి వైభోగం చూసి కన్ను కుడుతుంది. అదే నోటితో, అదే మాటతో, అమ్మ రవిక కుడుతుంది అంటాం, కంసాలి పాపాయి చెవులు కుట్టాడు అంటాం, డాక్టరు గాయానికి కుట్లు వేశాడు అంటాం. గుచ్చేదీ కుట్టే, కలిపేదీ కుట్టే. పోటు లేనిదే పొత్తు లేదని మా భాష ఏనాడో కనిపెట్టి, రెండు పనులకూ ఒక్క మాట చాలనుకుంది. కుట్టుతల్లీ, నీ దగ్గర నేను నేర్చుకున్నదంతా ఆ ఒక్క మాటలోనే ఉంది. దాని అర్థం ఒంటబట్టడానికి మాత్రం నాకు ముప్పై ఏళ్ళు పట్టింది.

నీ గుడిలో అడుగుపెట్టిన మొదటిరోజు నా చేతికి బట్ట దొరకలేదు, దారం దొరకలేదు. పెద్దత్తయ్య పాత నోటుపుస్తకంలోంచి గీతల కాగితం ఒకటి చింపి, దారం లేని సూది కింద పెట్టి, "గీత మీదే పోనీయవే, పక్కకి పోయిందా, చెవి మెలేస్తా" అంది. కాళ్ళ కింద ఇనప తొక్కుడుపలక, మోకాళ్ళ పక్కన పెద్ద చక్రం, చక్రం మెడలో తోలు బెల్టు, బల్ల మీద నల్లగా నిగనిగలాడుతూ మిషను. ముందుకు తొక్కాననుకుంటే వెనక్కి తిరిగేది, వెనక్కి తొక్కితే నిలిచిపోయేది. గీత తిన్నగా పోతుంటే సూది వంకరపోయేది. ఆ రాత్రి కరెంటు పోయినప్పుడు ఆ కాగితాన్ని లాంతరుకు అడ్డంపెట్టి చూశాను. గీత పక్కన తూలుతూ, తడబడుతూ, తప్పిపోతూ, మళ్ళీ గీతను వెతుక్కుంటూ సన్నసన్నని వెలుగుచుక్కలు. అప్పుడప్పుడే అడుగులు వేస్తున్న పసిదాని నడక. అది నీకు నేను రాసుకున్న మొదటి ఉత్తరం తల్లీ. అందులో అక్షరాలన్నీ చిల్లులే.

తర్వాత దారం ఎక్కింది. అప్పుడు కదా నీ లీల తెలిసింది! చేతిసూదికి బెజ్జం తల దగ్గర, మిషను సూదికి బెజ్జం మొన దగ్గర. గుచ్చే చోటే దారాన్ని పట్టుకునే చోటు. 1846లో అమెరికాలో ఎలియాస్ హోవే పేటెంటు పొందిన యంత్రంలోనూ ఇదే కిటుకు. పై దారం వెలుగులోంచి దిగుతుంది. కింది దారం బాబిన్‌కు చుట్టుకుని చీకట్లో కాచుకుని ఉంటుంది. సూది దిగి, రవ్వంత పైకి లేచేసరికి దారం ఒక చిన్న ఉచ్చు విప్పుతుంది, ఆ ఉచ్చులోంచి కింది దారం దూరిపోతుంది, రెండూ బట్ట మందంలో, పైకీ తేలకుండా కిందికీ జారకుండా, నట్టనడుమ పెనవేసుకుంటాయి. ఒకటి మరీ బిగిస్తే రెండోది బయటపడుతుంది, ఒకటి మరీ వదులైతే రెండూ ఉండకట్టి చిక్కుపడతాయి. పెళ్ళికి ముందే సంసారం సంగతి నాకు బాబిన్ చెప్పింది. టకటకటకమని, రేకుల మీద వానలా, మధ్యాహ్నాలన్నీ చెబుతూనే ఉంది.

దిండు గలీబుతో మొదలై, బొందులంగా దాటి, గౌను కుచ్చిళ్ళు దాటి, ఒక శ్రావణమాసంలో జాకెట్టు దగ్గరికి వచ్చాను. జాకెట్టంటే మాటలా! ఆది జాకెట్టు తెచ్చి బల్ల మీద పరిచి, భుజం నుంచి భుజానికి, భుజం నుంచి నడుముకి, చంక చుట్టు, చేతి చుట్టు, మెడ లోతు. టేపును దండలా మెడలో వేసుకుని, సుద్దతో చంద్రవంక గీసి, ఊపిరి బిగబట్టి కత్తెర పెడితే, చరచరమని బట్టతోపాటు గుండె కూడా తెగినట్టుండేది. నా మొదటి జాకెట్టుకు రెండు చేతులూ ఎడమవైపువే కత్తిరించి, అలాగే కుట్టేశాను. ఏడుస్తుంటే పెద్దత్తయ్య నవ్వి, సగం బ్లేడుముక్క నా చేతిలో పెట్టింది. "విప్పు. విప్పడం చేతకానిదానికి కుట్టడం రాదు." ఆ మధ్యాహ్నమంతా కుట్టు వెంట కుట్టు తెంపుతూ కూర్చున్నాను. ఒక్కొక్క దారంపోగు ఊడివస్తుంటే బట్ట మీద చిల్లుల వరస మిగిలింది, వెనకటి కాగితం మీద మిగిలినట్టే.

కానీ తల్లీ, ఒక్క మాట చెప్పనా? బట్టలు కుట్టినన్నాళ్ళూ నిన్ను దాచడమే నా పనితనమైంది. మంచిపక్క లోపలికి పెట్టి, కుట్టి, తిరగేసి, నీ జాడ పైకి కనపడకుండా చేస్తేనే మెచ్చుకోలు. మడత అంచు కింద నువ్వు, అస్తరు చాటున నువ్వు, కాజా చుట్టూ మాత్రం ఒక్క క్షణం బయటికి తొంగిచూసే నువ్వు. పైగా కుట్టినవన్నీ ఎవరో ఒకరి కొలతకే. ఆ ఒళ్ళు నిండితే లోపల వదిలిన బట్ట విప్పాలి, ఆ ఒళ్ళు చిక్కితే టక్కులు వేయాలి, ఆ మనిషే వెళ్ళిపోతే ఆ జాకెట్టు ఇంకెవరికీ రాదు. మెడ తీసిన చంద్రవంకలు, చంక తీసిన కొడవళ్ళు, చేతులు తీయగా మిగిలిన ముక్కోణాలు, ఏటికేడూ ఒక మూటలో పడుతూ వచ్చాయి. కత్తిరించడం నాకు బాగా వచ్చింది. మిగిలినదాన్ని ఏం చేయాలో రాలేదు.

అమ్మమ్మ సంవత్సరీకం అయ్యాక ఆవిడ ట్రంకుపెట్టె తెరిచాం. మొదట కలరా ఉండల వాసన వచ్చింది, వెనకే ఆవిడ వచ్చింది. సన్నజరీ వెంకటగిరి వచ్చింది. నిజాం అంచు మంగళగిరి వచ్చింది. నారాయణపేట గళ్ళు వచ్చాయి. నేతకు ముందే నూలును ముడులు కట్టి రంగులో ముంచడం వల్ల, చెమ్మగిల్లిన కంటికి ఆనినట్టుగా గీతలన్నీ మసకమసకగా కరిగే పోచంపల్లి వచ్చింది. నూలు ఒంటికి పట్టు అంచు జతపడిన గద్వాల వచ్చింది. వాలుగ చేప దవడతో దూది ఏకి వడికిన పొందూరు పంచె, తాతయ్యది, అన్నిటి అడుగున వచ్చింది. మడతల దగ్గర పిగిలి, కొంగుల దగ్గర చివికి, కట్టుకోవడానికి పనికిరావు, పారేయడానికి మనసు రాదు. వాటి ముందు మెడలో టేపు వేసుకుని కూర్చున్నాను. ఎవరి కొలత తీయను? అప్పుడు, బొంతా, నువ్వు పిలిచావు.

నడిమింట్లో చాప పరిచి నిన్ను పరిచాం. అడుగున ఒక చీర, నడుమ చివికినవన్నీ పొరలు పొరలుగా, పైన నా మూటలోని చంద్రవంకలూ కొడవళ్ళూ అతికిన చీర. కదలకుండా నాలుగు మూలలా రోకలి, కల్వం, ఇత్తడి బిందె, మా చంటివాడు. ముడతలు అమ్మ అరచేత్తో తోసింది, మూల నుంచి మూలకు పొడుగు టాకాలు పిన్ని వేసింది. ఆపైన నాలుగంచుల దగ్గర నలుగురం. లావుపాటి సూది, రెండు పేటల దారం. సూది మునుగుతుంది, తేలుతుంది, మునుగుతుంది, తేలుతుంది. నాలుగైదు మునకలు వేసి, కార్తీకస్నానం చేసిన ముత్తైదువలా ఒడ్డుకొచ్చి, దారాన్ని తడిజడలా వెనకాల లాక్కుంటుంది. మొదటి వరస అంచు వెంట, రెండో వరస మొదటిదాని వెంట, మూడోది రెండోదాని వెంట, చెరువు అలలు గట్టు నుంచి నడిమికి తిరిగి నడిచినట్టు. మధ్యలో కబుర్లు, మధ్యలో పాటలు, మధ్యలో ఎవరిదో కన్నీటిచుక్క, మధ్యలో వేలికి దిగిన సూది, ఆవగింజంత నెత్తురు. పోటు. ఆ వెంటనే పొత్తు.

జాకెట్టుకు ఆది కావాలి, చొక్కాకు ఆది కావాలి. నీకు ఆది లేదు, అందుకేనేమో అంతమూ లేదు. పొట్టివాళ్ళు కాళ్ళు చాపుకుంటారు, పొడుగువాళ్ళు ముడుచుకుంటారు, అక్కాచెల్లెళ్ళు లాక్కుంటారు, నువ్వు అందరికీ చాలుతావు. నీకు మెడ లేదు, చంక లేదు, బిగువు లేదు, బిడియం లేదు. ఇన్నాళ్ళూ అస్తరు చాటున తలదాచుకున్న కుట్టుతల్లి నీ ఒంటి మీద ముసుగు తీసి, బారులు తీరి, నడివీధిలో ఊరేగింది. మంచిపక్క ఏదీ, వెనకపక్క ఏదీ అని అడిగితే నవ్వుతావు. రెండుపక్కలా అదే దారం, రెండుపక్కలా అదే నడక. తడిసి ఆరాక నీ ఒళ్ళంతా చిన్నచిన్న ముడతలు పడతాయి, గోదారి ఇసుకతిన్నె మీద గాలి గీసిన గీతల్లా, అమ్మమ్మ ముంజేతి చర్మంలా.

నీకెన్ని పేర్లు! వంగదేశంలో కాంథా, బీహారులో సుజని, సింధులో రల్లీ, మరాఠీ ఇళ్ళల్లో గోధడి, ఉత్తర కర్ణాటకలో కౌది. పడమటి కనుమల అడవుల్లో సిద్దీ ఆడవాళ్ళు నిన్ను కవంది అంటారు. అంచున మొదలుపెట్టి లోలోపలికి కుట్టుకుంటూ పోయి, చివరికి నాలుగు మూలలా మడతల పువ్వులు పెడతారు. పువ్వు లేకపోతే కవంది వాళ్ళ కంటికి బోసి. సముద్రాల అవతల, అలబామాలో, ఏటి మలుపున ఉన్న జీస్ బెండ్ ఊళ్ళో, 1942లో మిస్సోరీ పెట్‌వే అనే నల్లజాతి తల్లి, చనిపోయిన భర్త పనిబట్టలతో నిన్ను కుట్టి కప్పుకుంది. ఆమె ముఖం నేను ఎరగను, మాట ఎరగను. ట్రంకుపెట్టె ముందు కూర్చున్న రోజున మాత్రం ఆమె నాకు తోడబుట్టింది.

పొసగని పార్టీలు కలిసి ప్రభుత్వం నడిపితే పత్రికలవాళ్ళు అతుకుల బొంత అని వెక్కిరిస్తారు. కథ కుదరని సినిమానూ అతుకుల బొంతే అంటారు. చలిరాత్రి నిన్ను కప్పుకోనివాళ్ళెవరో పుట్టించిన తిట్టు అది. అతుకు లేని బతుకెక్కడ? గతుకు లేని దారెక్కడ? భజగోవిందంలో యోగి ఒంటిమీద ఉన్నది వీధి పేలికలు కుట్టుకున్న కంథే కదా. ఏమీ అక్కరలేనివాడికి నువ్వే ఆఖరి ఆస్తివి. అప్పుడే లోకంలోకి వచ్చినవాడికి నువ్వే మొదటి ఆస్తివి. పురిటిబిడ్డకు కొత్తబట్ట గరుకని మా ఇళ్ళల్లో ముందు పాతచీరల పొత్తిగుడ్డల్లోనే చుడతారు, నీ మీదే పడుకోబెడతారు. వందసార్లు ఉతికి, వందసార్లు ఎండలో ఆరి, వెన్నలా మెత్తబడ్డ నూలు. నీ వెచ్చదనం గుట్టు కూడా ఎంత చిత్రం! పొరకూ పొరకూ నడుమ చిక్కుకుని కదలకుండా నిలిచిన గాలి అది. ముత్తవ్వ చీరకూ మునిమనవడి వీపుకూ నడుమ ఒక నిలిచిన ఊపిరి.

ఇప్పుడు నా కంటికి బెజ్జం ఆనడం లేదు. ఒకప్పుడు అమ్మమ్మ "దారం ఎక్కించి పోవే" అని పిలిస్తే ఆట మధ్యలోంచి విసుక్కుంటూ వచ్చేదాన్ని. దారం కొస నోట్లో తడిపి, వేళ్ళతో నులిమి, ఒంటికన్ను మూసి గురిచూసి ఎక్కించి, ఆవిడ దీవెన పూర్తికాకముందే పరుగు. ఇప్పుడు నేను పిలుస్తాను, మనవరాలు విసుక్కుంటుంది. దీపాలు పెట్టాక సూది చేతికివ్వకూడదంటే "ఎందుకమ్మమ్మా?" అని నిలేస్తుంది. నాకూ తెలియదు. మా అమ్మమ్మా చెప్పలేదు. ఆ తెలియనిదాన్నే ఒక ముక్కగా కోసి, దానికీ ఇస్తున్నాను.

బొంతా, నీకు చావు లేదు. పైపొర పిగిలితే దాని మీద ఇంకో చీర పరిచి మళ్ళీ కుడతారు. పాతబొంత కొత్తబొంతకు కడుపవుతుంది. కాబట్టి నా కోరిక ఇంతే, కుట్టుతల్లీ. నన్ను పైపొర చేయమని అడగను. జరీ అంచు అడగను, పోచంపల్లి రంగు అడగను. వరస తప్పకుండా నీ పోట్లు పడనీ, నా చినుగులన్నీ లోపలే ఉండనీ. ఎవరి కంటా పడకుండా ఎవరినో వెచ్చగా ఉంచే ఆ నడిమి పొరనైతే నాకు చాలు.

ఎండ వాలుతోంది. మనవరాలూ నేనూ చెరో కొసా పట్టుకుని నిన్ను దండెం మీంచి దించుతున్నాం. ముఖానికి ఎండవాసన కొడుతోంది. మడతపెట్టబోతుంటే ఒక మూల దారం తెగి వేలాడుతోంది. ముందు అదే చూసింది.

"అమ్మమ్మా, సూది తేనా?"

వెలుతురుండగానే తేవే, తల్లీ.