"బాగుందా అక్కా?" అంటే ఏం చెప్పాలి?

పోయిన నెల పదిహేను రోజుల్లో మా ఇంటికి తొమ్మిది పుస్తకాలు వచ్చాయి. ఒక్కటీ నేను కొన్నది కాదు. రెండు పోస్టులో వచ్చాయి. ఒకదాన్ని జమ్మలమడుగు బస్సు కండక్టరు చేతికిచ్చి పంపారు. మూడు పులివెందుల నుంచి పెళ్ళికి వచ్చిన చుట్టాల సంచిలో అరటిపళ్ళతో పాటు దిగాయి. తక్కిన మూడూ రాసినవారే స్వయంగా తెచ్చి, కాఫీ తాగి, మొదటి పేజీలో "అక్కగారికి గౌరవంతో" అని సంతకం చేసి మరీ ఇచ్చిపోయారు. తొమ్మిదింటిలోనూ ఒకే మాట: "ప్రచురణ: రచయిత". 

మావారు ఆ దొంతర చూసి, "అరటిపళ్ళయితే తిని ఊరుకోవచ్చు. వీటికి మాత్రం నువ్వు జవాబు చెప్పుకోవాలి" అన్నారు.

నిజమే. ఒక శతకం, ఒక వచన కవితల సంపుటి, ఒక డిటెక్టివ్ నవల, ఒక వంటల పుస్తకం, పిల్లల కథలు, షుగరు జబ్బు మీద ఒక డాక్టరుగారి సలహాలు, కాశీయాత్ర, ఒక కథల సంపుటి, ముంపులో పోయిన ఊరి జ్ఞాపకాలు. తొమ్మిది మందీ అడిగింది ఒకటే. "బాగుందా అక్కా?"

ఈ ప్రశ్నంటే నాకు భయం. ఎందుకో చెప్పాలంటే ముందు నా తప్పొకటి ఒప్పుకోవాలి.

ఐదేళ్ళ కిందట ఒక గుమాస్తాగారు తన నవల అచ్చుకు ముందు తెచ్చి ముందుమాట అడిగారు. మంచి మనిషి. భార్యను కూడా వెంట తీసుకొచ్చారు. ఆమె ముఖంలో సంబరం చూశాక కాదనలేకపోయాను. నలభై పేజీలు చదివి, తక్కింది తిరగేసి, "తెలుగు నవలకు కొత్త వెలుగు" అని రాసిచ్చాను. ఇలాంటి మాటలకు ఖర్చేముంది చెప్పండి!

ఖర్చు ఆ తర్వాత తెలిసింది. మూడేళ్ళకు ఆయన రెండో నవల వేశారు, ఈసారి వెయ్యి ప్రతులు. ఒకరోజు మధ్యాహ్నం ఆయన భార్య ఒక్కతే మా ఇంటికి వచ్చింది. ప్రొద్దుటూరు బంగారానికి పేరుపడ్డ ఊరని మీకు తెలుసు కదా. ఆ ఊళ్ళో ఉండి ఆమె చేతులకు గాజుగాజులే ఉన్నాయి.

"మొదటిది వేసినప్పుడు నేనేమీ అనలేదక్కా. రెండోదానికి వద్దంటిని. మీరు రాసింది చూపిచ్చినాడు. ఇంత పెద్దామె బాగుందని రాసింటే వద్దనేదానికి నువ్వెవరు అన్నాడు. గాజులు తాకట్టులో ఉండాయి, పుస్తకాలు మంచం కింద ఉండాయి. నిజం చెప్పక్కా, బాగుందా?"

నేను తల దించుకున్నాను. చివరికి ఉన్నమాట చెప్పాను. "మొదటి నవలలో ఒక్క అధ్యాయం చాలా బాగుంది. వానలు రాని ఏడాది ఎద్దులను సంతలో అమ్మి, ఉత్త పలుపుతాళ్ళు పట్టుకుని ఇంటికొచ్చే భాగం. తక్కిందంతా సినిమా కథ."

ఆమె కాసేపు మాట్లాడలేదు. తర్వాత, "ఆ మాట అప్పుడే చెప్పింటే ఆయన అట్లాంటివే రాసుకునింటాడు గదక్కా" అంది.

అంతవరకు నేను మొహమాటంతో చేసిన మేలనుకున్నది మేలు కాదని ఆ రోజు తెలిసింది. పొగడ్తతో ఆయన తప్పులను దాచానేమో అనుకున్నాను. దాచింది ఆయనలోని మంచిని కూడా!

ఇంతకూ మనం పుట్టింది మొహమాటాల సీమలో కాదు. రా.రా. అని పిలిచే రాచమల్లు రామచంద్రారెడ్డిగారిది పులివెందుల ప్రాంతంలోని పైడిపాలెం. "సంవేదన" పత్రిక నడిపారు, "సారస్వత వివేచన" రాశారు. ఎంత పేరున్న రచయితనైనా వెనకాడకుండా విమర్శించారు. "అనువాద సమస్యలు" పుస్తకానికి 1988లో కేంద్ర సాహిత్య అకాడమీ అవార్డు వచ్చింది. ఆయన పోయింది కూడా ఆ ఏడాదే. ఆయన్ని కఠినుడనేవారు. కానీ తప్పెక్కడో, ఎందుకు తప్పో ఉదాహరణతో చూపించేవారు. కారణం చెప్పే కోపం వేరు, కారణం చెప్పని కోపం వేరు.

అయితే రా.రా.గారి కత్తి తీసుకుని వంటల పుస్తకం మీదికి పోవడం న్యాయమా అని మీరడగవచ్చు. న్యాయం కాదు. తూకంరాళ్ళు ఒక్కో సరుకుకు ఒక్కోటి. తక్కెడ మాత్రం సరిగ్గా ఉండాలి.

అందుకని వంటల పుస్తకాన్ని వంటింట్లోనే పరీక్షించాను. సంగటి దగ్గర "తగినంత నీళ్ళు" అని రాశారు. ఓళిగల పూర్ణంలో "తగినంత బెల్లం". తగినంత ఎంతో తెలిసినవాళ్ళకు పుస్తకమెందుకు తల్లీ! కొత్త కోడలు చదివినా కుదరాలి కదా. కానీ చెనిక్కాయల పొడి దగ్గర, గింజ వేగిందో లేదో వాళ్ళ అత్తగారు పక్కగదిలో కూర్చుని వాసనతో ఎలా చెప్పేదో రాశారు. ఆ అరపేజీ కోసం నేను ఆ పుస్తకం దాచుకున్నాను.

డిటెక్టివ్ నవలలో హంతకుడు ఇరవయ్యో పేజీకే దొరికిపోయాడు. పట్టుకోవడానికి డిటెక్టివుకు నూట ఎనభై పేజీలు పట్టింది. శతకంలో మకుటం భేషుగ్గా ఉంది. అయితే ప్రతి పద్యంలోనూ ఆ మకుటానికి ముందు వచ్చే మూడు పాదాలు కూడా ఉంటాయి! శతకానికి, కవితలకు ఇద్దరు కవులూ రాసుకున్న ముందుమాటల్లో మాత్రం ఒకే గర్వం: పుట్టపర్తి నారాయణాచార్యులవారు, గడియారం వేంకటశేషశాస్త్రిగారు తిరిగిన ఊరు మాది అని. "శివతాండవం" పుట్టింది ఇక్కడి అగస్త్యేశ్వరుని గుడిలోనేనంటారు. గర్వపడాల్సిందే. కానీ ఊరి గొప్ప మన పద్యానికి యతి కుదర్చదు.

డాక్టరుగారి పుస్తకం శుభ్రంగా ఉంది. ఒక్కచోట పట్టింపు. మందు మోతాదుల పట్టిక వేశారు. అది చూసి మందులు మార్చుకునే అమాయకులుంటారు. కవిత చెడితే చదివినవారికి విసుగు, ఇది చెడితే ప్రాణం. అందుకే ఆ పట్టిక తీసేయమని రాశాను. పిల్లల కథలకు నేను తీర్పరిని కాను. మా తమ్ముడి కూతురికి చదివి వినిపించాను. రెండింటికి "ఇంకోసారి" అంది, మూడోదానికి నిద్రపోయింది. కాశీయాత్రలో కాశీ కంటే రైలే ఎక్కువ. కథల సంపుటిలో పదింటికి మూడు నిలిచాయి. అది చిన్న మాట కాదు.

ఇక తొమ్మిదో పుస్తకం. అరవై నాలుగు పేజీలు. గండికోట జలాశయంలో మునిగిన ఊళ్ళలో ఒక ఊరి ఇల్లాలు రాసుకున్నది. 2020లో తాళ్ళప్రొద్దుటూరులోకి నీళ్ళు వచ్చిన సంగతి మీరు పత్రికల్లో చదివే ఉంటారు. ఈమెది అటువైపు ఊరే. పేజీకి నాలుగు అచ్చుతప్పులు. అట్ట మీద యాత్రికుల కోసం వేసే గండికోట లోయ బొమ్మ. కానీ లోపల ఎవరి వాకిలి ఎటు చూసేదో, తలుపులు ఊడదీసి ట్రాక్టరుకెక్కించేటప్పుడు ఏ తలుపు ఎలా కిర్రుమందో రాసింది. గడపకు పసుపు రాసి మరీ ఊడదీశారట. చివరి అధ్యాయంలో అందరిలాగే ఉపన్యాసం చెప్పింది, అది లేకుంటే బాగుండేది. తొమ్మిదింటిలో మీరు చదివి తీరవలసింది ఇదే.

సొంతంగా అచ్చు వేసుకోవడం చిన్నతనమేమీ కాదు. రంగనాయకమ్మగారు స్వీట్ హోమ్ పబ్లికేషన్స్ పేరుతో తన పుస్తకాలు తానే వేసుకున్నారు. ఇంగ్లండులో వర్జీనియా వుల్ఫ్ దంపతులు 1917లో భోజనాల బల్ల మీద చేతి ప్రెస్సు పెట్టుకుని హోగార్త్ ప్రెస్ మొదలుపెట్టారు. మన వేంపల్లె వైపు నుంచే గంగాధర్‌గారి "మొలకల పున్నమి"కి 2011లో, షరీఫ్‌గారి "జుమ్మా"కు 2012లో సాహిత్య అకాడమీ యువ పురస్కారాలు వచ్చాయి. చిన్న ఊరి రచనకు మన జాలి అక్కర్లేదు.

సొంత ప్రచురణలో లేనిదల్లా ఒక్కటే, "వద్దు" అనే మనిషి. ప్రచురణకర్త ఉంటే ఆ పని ఆయన చేస్తాడు. ఇక్కడ డబ్బూ మనదే, కోరికా మనదే. అడ్డుచెప్పవలసిన సమీక్షకురాలు అచ్చయ్యాక వస్తుంది, పెళ్ళయ్యాక జాతకం చూసినట్టు! కాబట్టి రాసే చెల్లెళ్ళకు ఒక మాట. ప్రెస్సుకు పోకముందే, మిమ్మల్ని పొగడని ఒక్కరికి చూపించండి. పుస్తకం సంఖ్య, అదే ఐఎస్‌బీఎన్, మన దేశంలో ఉచితంగానే ఇస్తారు. ఎవరికీ డబ్బు కట్టకండి. 1954 నాటి చట్టం ప్రకారం అచ్చయిన నెలలోగా కలకత్తా జాతీయ గ్రంథాలయానికి, మరి మూడు గ్రంథాలయాలకు ప్రతులు పంపాలి. పంపండి. మంచం కింద కంటే అక్కడ పదిలంగా ఉంటాయి.

తొమ్మిది మందికీ ఉత్తరాలు రాశాను. ప్రతి ఉత్తరంలోనూ బాగున్న పేజీ అంకె, బాగాలేని పేజీ అంకె వేశాను. డాక్టరుగారు పట్టిక తీసేస్తామన్నారు. శతకకర్త మొన్న గుడి దగ్గర ఎదురై ముఖం తిప్పుకున్నారు. ముంపు ఊరి ఇల్లాలు ఫోన్ చేసి, "ఇంకా చానా ఉండాయక్కా, రాయాల్నా?" అని అడిగింది.

"రాయి తల్లీ. అచ్చుకు మాత్రం తొందరపడొద్దు. ముందు నాకు చూపించు" అన్నాను.

ఆ గుమాస్తాగారి మొదటి నవల ఇంకా నా బీరువాలోనే ఉంది, నా ముందుమాటతో సహా. ఎద్దుల అధ్యాయం దగ్గర గుర్తుగా ఒక కాగితం పెట్టాను. ఆయన ఈసారి వస్తే తెరిచి చూపించాలని.